మొదటి గ్లాసు

మా ఫ్రిజ్ రిపేరు షాపులో అందరూ ఆయన్ని బావగారు అనేవాళ్ళు. నిజానికి అక్కడ ఆయన ఒక్కడికే బావ. వాళ్ళావిడ తమ్ముడు కూడా అదే షాపులో మెకానిక్కు. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి వాడు "బావా స్పానరియ్యి, బావా టీ చెప్పు, బావా కాస్త తల దించు, నీ బట్టతల మెరిసి కళ్ళు పోతున్నాయి" అని అరుస్తుంటే, వినీ వినీ మిగతావాళ్ళ నోటికీ అదే పట్టింది. ఓనరు కూడా బావగారూ అనేవాడు. చివరికి బావా అని పిలిచిన ప్రతివాడికీ ఆయనతో పరాచికాలాడే హక్కు వచ్చేసింది. వరస కలిస్తే సరసం దానంతటదే వస్తుంది కదా.

నా పని ఫ్రిజ్‌లు మొయ్యడం. గోడ దగ్గర్నుంచి లాగడం, పని అయ్యాక మళ్ళీ నెట్టడం, అవసరమైతే వీపున వేసుకుని మెట్లు దించడం. ఆయనతో ఒకే వ్యానులో చాలా ఏళ్ళు తిరిగాను. ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి. ఎందుకంటే ఆయన దగ్గర అది తప్ప ఇంకేం లేదు.

మాకొచ్చేవి ఎక్కువగా పెద్దిళ్ళ ఫ్రిజ్‌లు. తలుపులోనే గ్లాసు పెట్టే గూడు ఉంటుంది. గ్లాసుతో ఒక మీట నొక్కితే చల్లటి నీళ్ళొస్తాయి, పక్క మీట నొక్కితే ఐసుముక్కలు గలగలా రాలతాయి. రాకపోయాయో, ఇల్లంతా గగ్గోలు. రెండడుగుల దూరంలో కుళాయి ఉన్నా సరే, ఆ గూట్లోంచి రాకపోతే వాళ్ళకి దాహం తీరదు.

బావగారు గుమ్మంలో అడుగు పెడుతూనే ఒకటే అడిగేవాడు. "నీళ్ళు రావట్లేదా, ఐసు రావట్లేదా, రెండూ రావట్లేదా?" సగం జబ్బు అక్కడే తేలిపోయేది. రెండూ రాకపోతే ఫ్రిజ్ జోలికే పోడు. వెనక గోడ దగ్గర కుళాయి ఎవరైనా కట్టేశారేమో, పైపు నలిగిందేమో, ఫిల్టరు పూడుకుపోయిందేమో చూస్తాడు. నీళ్ళు వస్తూ ఐసు రాకపోతే లోపల ఐసు తొట్టి మీదుండే తీగ చూస్తాడు. తొట్టి నిండితే ఆ తీగ పైకి లేచి ఐసు తయారీ ఆగుతుంది. ఇంట్లోవాళ్ళు ఏదో పొట్లం కుక్కుతారు, తీగ లేచిపోతుంది, తొట్టి ఖాళీగా ఉన్నా నిండిందనుకుని మిషను చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇక ఐసు వస్తూ నీళ్ళు మాత్రం రాకపోతే, తలుపులో ఉండే సన్నటి పైపు గడ్డకట్టినట్టు.

ఈ చివరి జబ్బుకి వైద్యం వేరు. తలుపు కింద, నేలకి జానెడు ఎత్తులో, ఆ పైపుకి ఒక జాయింటు ఉంటుంది. అది ఊడదీసి, మూతికి సన్నగొట్టం ఉన్న సీసాతో వేడినీళ్ళు పైకి పిచికారీ కొట్టాలి. లోపలి మంచు కరిగి కిందికి కారుతుంది. నేల మీద బోర్లా పడుకుని చెయ్యాల్సిన పని. బావగారి మోకాళ్ళు అరిగిపోయాక ఆ పని బావమరిది మీద పడింది. 'నువ్వు పైనుంచి గ్లాసు పట్టుకో బావా, నేల నాకే రాసిపెట్టి ఉంది' అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు ఒక్కోసారి మూతి దగ్గరే ఆగిపోయేది.

అలాంటి సీసాలు సంచిలో రెండు ఉండేవి. ఒకటి వేడినీళ్ళది. రెండోది సున్నం మందుది. ఉప్పునీళ్ళు పారే ఇళ్ళలో పైపు లోపల సున్నం పేరుకుంటుంది, దాన్ని తినేసే మందు అది. చూడ్డానికి అచ్చం నీళ్ళే. చేతి మీద పడితే తోలు లేస్తుంది. బకెట్టు నీళ్ళలో రెండు మూతలు కలిపి వాడతారు. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయని బావగారు మందు సీసా మెడకి ఎర్రగుడ్డ కట్టాడు.

పని అయ్యాక ఆయనకో అలవాటు ఉండేది. మొదట ఒక బకెట్టు నీళ్ళు వదిలి పారబోసేవాడు. కొత్త ఫిల్టరు పెట్టినప్పుడు మొదటి నీళ్ళు నల్లటి పొడితో వస్తాయి, పైపులో గాలి ఉంటే బుసలు కొడుతూ వస్తాయి. అవన్నీ పోవాలి. తర్వాత వెళ్ళి శుభ్రంగా చేతులు కడుక్కుని, సంచిలోంచి తన స్టీలు గ్లాసు తీసి, సగం పట్టి, ఇంట్లోవాళ్ళ ఎదురుగా ఒక్క గుక్కలో తాగేవాడు. ఎప్పుడో ఎవరో ఇంటాయన 'ఈ నీళ్ళు నువ్వు తాగుతావా?' అని వెటకారంగా అన్నాడట. అప్పట్నుంచి మొదలు. "నేను తాగనిది నీకు పొయ్యను తల్లీ" అనేవాడు. కస్టమర్లకి అదంటే తెగ నచ్చేది. పాత ఫిల్టరయితే నాలుక వెనక మట్టి తగులుతుందని, పైపు మార్చాల్సి ఉంటే నాలుక కొస మీదే ప్లాస్టిక్కు తెలుస్తుందని చెప్పేవాడు. మనకైతే అన్నీ నీళ్ళే.

బావమరిది పరాచికం అక్కడ మొదలైంది. బావగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన ఆ కాస్త సేపట్లో వాడు మళ్ళీ జాయింటు ఊడదీసి, తలుపు పైపులోకి ఉప్పునీళ్ళు పిచికారీ కొట్టి బిగించేవాడు. ఆ పైపులో పట్టేది సరిగ్గా సగం గ్లాసు. అంటే అది మొత్తం బావగారి నోట్లోకే పోతుంది.

మొదటిసారి ఉప్పు తగలగానే ఆయన మొహం చూడాలి. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు తిరిగాయి. ఉమ్మలేదు. కస్టమరు వంటింట్లో, కస్టమరు కళ్ళెదుట ఉమ్మితే ఇంకేముంది, 'నీళ్ళు బాలేవు' అని మనమే చాటింపు వేసినట్టు. మింగేశాడు. "నీళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా" అన్నాడు. ఏదో బిగించే వంకతో ఇంకో బకెట్టు వదిలి, ఆ తర్వాతే వాళ్ళకి పట్టి ఇచ్చాడు. వ్యానులో ఒకటే నవ్వులు. తర్వాత కారం నీళ్ళు అయ్యాయి, సబ్బు నీళ్ళు అయ్యాయి. బావగారు ఉమ్ముతాడా ఉమ్మడా అని షాపులో పందేలు కూడా కాసేవాళ్ళు. ఎన్నడూ ఉమ్మలేదు.

"మీకు కోపం రాదా?" అని ఒకసారి అడిగాను.

"బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అన్నారు పెద్దలు. వాడికి మీసాలు రాకముందు నా వెంట తెచ్చుకుని పని నేర్పాను. నాతో వాడు ఆడుకోక ఇంకెవడు ఆడుకుంటాడయ్యా?"

ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. రెండు గదులు. వాళ్ళావిడ పొద్దున్నే లేచి మొగుడికీ తమ్ముడికీ ఒకే వంట రెండు డబ్బాల్లో సర్ది పంపేది. మధ్యాహ్నం వాడు బావ డబ్బా కూడా మూత తీసి చూసేవాడు, అక్క ఎవరికి ఎక్కువ పెట్టిందోనని.

ఇలా ఉండగా ఓనరు ఒకరోజు అందర్నీ పిలిచి చెప్పాడు. ఇప్పుడెవరూ బాగుచేయించుకోవట్లేదు, పాతది పారేసి కొత్తది కొంటున్నారు, ఇద్దరు మెకానిక్కులకి పని లేదు, ఒక్కణ్ణే ఉంచుతాను అన్నాడు.

"ఎవరుండాలో మీలో మీరే తేల్చుకోండి. లేదంటే రేపు మీరు వెళ్ళాల్సిన ఆ బంగళా ఆవిడ ఇంటికి నేనూ వస్తా. ఇద్దరి పనీ చూసి నేనే తేలుస్తా."

బావగారు ఆ మాటకి సంచి పట్టీ గట్టిగా పట్టుకున్నాడు, ఎవరో లాక్కుంటున్నట్టు. ఆ మోకాళ్ళతో, ఆ వయసులో ఇంకో షాపు ఆయన్ని గుమ్మం కూడా ఎక్కనివ్వదు. వేరే పని రాదు. వాడు కుర్రాడు, ఎక్కడైనా బతుకుతాడు. కానీ వాడి బాధ వాడిది. ఎక్కడికెళ్ళినా "బావగారి బావమరిదివా?" అనే అడిగేవాళ్ళు. వాడికంటూ వేరే పేరే లేదు.

"నువ్వు మానెయ్ బావా, ఇంట్లో కూర్చో. నేను పోషిస్తాగా" అన్నాడు వ్యానులో.

"కూర్చుంటే చస్తానురా" అన్నాడు ఆయన. అంతే.

మర్నాడు బంగళా ఇంటికి వెళ్ళాం. వంటిల్లు మా ఇల్లంత ఉంది. ఇంటావిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "ఐసు పడుతోంది, నీళ్ళే రావట్లేదు. ఇదివరకోసారి చూసి బాగుందని పోయారు. బాగుపడిందే లేదు." పక్కన ఒక చిన్నపిల్ల, వాళ్ళ మనవరాలట, గులాబీరంగు ప్లాస్టిక్కు కప్పు పట్టుకుని తిరుగుతోంది.

"తలుపులో పైపు గడ్డకట్టిందమ్మా. చలి మరీ ఎక్కువ పెట్టారు, అందుకే కరిగించినా మళ్ళీ కడుతోంది" అంటూ బావగారు ముందు చలి తగ్గించాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించి ఎక్కడ గడ్డకట్టిందో తడుముతూ కూర్చున్నాడు.

"ఏంటి బావగారూ, ఫ్రిజ్‌కి నాడి చూస్తున్నారా?" అన్నాడు ఓనరు. "మీ బావమరిదయితే ఈపాటికి విప్పి బిగించేసేవాడు."

బావమరిది కిసుక్కున నవ్వి నేల మీద పడుకున్నాడు. జాయింటు విప్పాడు, వేడినీళ్ళు కొట్టాడు. కాసేపటికి మంచు ముక్కలు ముక్కలుగా జారి నీళ్ళు దారికొచ్చాయి. బావగారు బకెట్టు వదిలి పారబోశాడు. అంతా సవ్యంగానే ఉంది. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నేను ఫ్రిజ్ పక్కన, గోడకి నెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. కింద సందులోంచి బావమరిది చెయ్యి కనిపించింది. మళ్ళీ జాయింటు ఊడదీస్తున్నాడు. ఉప్పో కారమో, అలవాటైన వేషమే అనుకున్నాను. వాడి చేతిలో సీసాకి గుడ్డ లేదు. ఆ ఎర్రగుడ్డ వాడి చొక్కా జేబులో ఉందని తర్వాత తెలిసింది.

ఈలోగా పిల్ల వచ్చి కప్పు గూట్లో పెట్టింది. "నేను నొక్కుతా, నేనే నొక్కుతా!"

కప్పు సరిగ్గా వాడి తలకి పైన ఉంది. వాడు పైకి చూశాడు. నోరు తెరిచాడు. ఎదురుగా ఓనరు బూట్లు. నోరు మూసుకున్నాడు.

బావగారే చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ కప్పు పక్కకి తీశాడు. "ఆగు బంగారం. ముందు తాత, తర్వాత నువ్వు."

పిల్ల మూతి ముడిచింది. ఆయన స్టీలు గ్లాసు పెట్టి సగం పట్టి, ఎప్పట్లాగే ఒక్క గుక్కలో పోసుకున్నాడు.

గ్లాసు దించలేదు. అలాగే మూతికి ఆనించి ఉంచుకున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. ఓనరు చూస్తున్నాడు. ఇంటావిడ చూస్తోంది. బావమరిది నేల మీంచి చూస్తున్నాడు. అందరికంటే వాడే ఎక్కువ చూస్తున్నాడు.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు ఓనరు.

గొంతుముడి ఒకసారి పైకి వెళ్ళి కిందికి దిగింది. మింగాడు.

"ఇంకా... పోవాలి" అన్నాడు. తుప్పుపట్టిన తలుపు కిర్రుమన్నట్టుంది ఆ గొంతు. వెంటనే తాళం బొత్తాం నొక్కిపట్టాడు. మీట పనిచెయ్యకుండా చేసే బొత్తాం అది, ఎర్రదీపం వెలిగింది. పిల్ల కప్పు తీసి అందనంత ఎత్తులో బోర్లించాడు. అప్పుడు మళ్ళీ తాళం తీసి బకెట్టు పెట్టాడు. గూటికి వీపు అడ్డం పెట్టి, బకెట్టు తర్వాత బకెట్టు. ఐసు తొట్టి కూడా లాగి మొత్తం కుమ్మరించేశాడు. చెమటలు కారుతున్నాయి. మోసేది నేనే కాబట్టి బకెట్లు నేనే పారబోశాను. మొదటి బకెట్టు పోస్తుంటే సింకు దగ్గర ఘాటు ముక్కుకి తగిలింది.

"ఇప్పుడేగా ఒక బకెట్టు పారబోశావు! మళ్ళీ ఏంటీ నాటకం?" అన్నాడు ఓనరు. ఇంటావిడతో "వయసైపోయిందమ్మా, చాదస్తం" అని సర్దిచెప్పాడు.

బావమరిది బట్టలు దులుపుకుంటూ లేచాడు. "బావకి ఒంట్లో బాలేనట్టుంది సార్. జరుగు బావా, నేను చూస్తా." పిల్ల కప్పు దించి, నీళ్ళు పట్టి ఇచ్చాడు. అప్పటికి అవి మంచినీళ్ళు. పిల్ల తాగి "చల్లగా ఉన్నాయ్!" అని గెంతింది. ఓనరు వాడి భుజం తట్టాడు. ఎవరిని ఉంచాలో అక్కడే తేలిపోయింది.

వ్యానులో బావగారు తువ్వాలు మూతికి అదుముకున్నాడు. బావమరిది ముందు సీట్లోంచి తిరిగి "ఉమ్మలేదు చూశారా! ఇంతా చేస్తే ఉమ్మలేదు!" అని ఇకిలించాడు. తువ్వాలు ఎర్రబడ్డం చూశాక నవ్వు ఆగింది.

"ఉమ్మేస్తాడనుకున్నా" అన్నాడు. "ఎవడైనా ఉమ్మేస్తాడు కదా? నోట్లో మండితే ఎవడైనా ఉమ్మేస్తాడు." ఆసుపత్రి దాకా ఇదే పాట. తప్పంతా మింగినవాడిదే అన్నట్టు.

నాలుక, గొంతు, లోపల పేగు దాకా కాలిందన్నారు. ప్రాణం దక్కింది. మాట పోయింది, ఈల లాంటి గాలి మిగిలింది. రుచి పోయింది. ముద్ద దిగదు, అన్నీ జావలే. చల్లనిది ఎప్పటికీ ముట్టొద్దన్నారు.

వాళ్ళావిడ మంచం పక్కన కూర్చుని అంతా విన్నది. తమ్ముడు వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "సరదాకి చేశానక్కా, బావతో సరదా కూడా ఆడకూడదా?" ఆవిడ వాణ్ణి ఫటీమని ఒకటి కొట్టింది. కొట్టి, అదే చేత్తో వాడి కళ్ళు తుడిచింది. తర్వాత మొగుడి చెవి దగ్గరకి వంగింది.

"ఎవరికీ చెప్పకు. వాణ్ణి లోపలేస్తారు. నువ్వా, ఎటూ పనికి పోలేవు. వాడి పనీ పోతే నీకు జావ కాచేదెవరు, ఏం పెట్టి కాచేది? నవ్వులాట నవ్వులాటే అనుకో. ఊ?"

ఆయన తల ఊపాడు. ఓనరు వచ్చి ఎలా జరిగిందని అడిగితే, చూపుడు వేలితో తన గుండె మీదే పొడుచుకున్నాడు. నాదే తప్పు అని.

నేను ఓనరుతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుడ్డ సంగతీ, జాయింటు సంగతీ. "నువ్వు మోసేవాడివి, మోసుకో" అన్నాడు. "బావా బావమరుదుల మధ్య మనమెందుకు?"

బావమరిదికి పని ఖాయమైంది. ఇక వాణ్ణి బావమరిదీ అని పిలిచేవాడు లేడు, మెకానిక్కు అనేవాళ్ళు. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత కస్టమర్లు మొదలుపెట్టారు. "ఆ పెద్దాయన రాలేదా? తాగి చూపించేవాడే, ఆయన్ని పంపండి." ఇలా నలుగురైదుగురు అనేసరికి ఓనరుకి ఆలోచన తట్టింది.

ఇప్పుడు బావగారు మళ్ళీ వ్యానులో వస్తున్నాడు. షాపు చొక్కా ఇచ్చారు. సంచి మాత్రం బావమరిది చేతిలో. ఆయన దగ్గర స్టీలు గ్లాసు ఒక్కటే. కూర్చుంటే చస్తానన్నాడుగా, కూర్చోకుండా కోరుకున్న చోటే మళ్ళీ పని దొరికింది.

బకెట్టు పారబొయ్యడం మానేశారు. "బకెట్టు దండగ, బావ ఉన్నాడుగా" అంటాడు వాడు. నల్లపొడి నీళ్ళయినా, బుసకొట్టే నీళ్ళయినా మొదటిది ఆయనకే. నాలుక వెనక మట్టి లేదు, నాలుక కొసన ప్లాస్టిక్కు లేదు. నాకెలాగో ఆయనకీ ఇప్పుడు అన్నీ నీళ్ళే.

మొన్న ఒకింట్లో పని అయ్యాక వాడు చేతులు కట్టుకుని ఇంట్లోవాళ్ళకి చెప్పాడు. "మా బావ తాగనిది మీకు పొయ్యం అమ్మా." అది ఆయన మాటే. గొంతు కూడా కొంచెం ఆయనలాగే పెట్టాడు.

బావగారు గ్లాసు పట్టుకుని వచ్చాడు. పట్టేముందు ఫ్రిజ్ పిడి ఆసరాగా పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి వంగాడు. తలుపు కింద జాయింటుని వేలితో తడిమాడు. పక్కనున్న సీసా ఎత్తి దాని మెడకి ఎర్రగుడ్డ ఉందేమో చూశాడు.

"ఏం బావా," అన్నాడు వాడు, అందరికీ వినపడేలా, "బావమరిది మీద నమ్మకం లేదా?"

ఇంట్లోవాళ్ళు గొల్లున నవ్వారు. "బావా బావమరుదులంటే ఇలా ఉండాలి" అంది ఇంటావిడ.

ఆయన లేచి, సగం గ్లాసు పట్టి, తాగాడు. ఆ చల్లదనం గొంతులో దిగుతుంటే ఒంట్లో ఒక్కో ఎముకా బిగుసుకోవడం వెనకనుంచి నాకు కనిపిస్తూనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తల ఊపాడు.

"చూశారా, ఎంత చల్లగా ఉన్నాయో!" అని బావమరిది ఇంటావిడ గ్లాసు అందుకుని నింపాడు.

నన్ను నెట్టమన్నారు. ఫ్రిజ్‌ని గోడకి నెట్టాను.